తనది కాని నేల

తనది అనుకొన్నదానిని మనిషి జాగ్రత్తగా చూచుకొంటాడని అందరూ ఒప్పుకొంటారు. ఆస్తిహక్కును సమర్థించిన తత్త్వవేత్తలలో పెక్కుమంది తమ వాదాలను ఈ ఒప్పుకోలుపైనే నిలబెట్టారు. అయితే ఆ మాటకు వెనుకవైపున మరొక ప్రశ్న ఉన్నది. దానిని అడిగినవారు తక్కువ. తనది కానిదానికి, ఎన్నటికీ తనది కాబోనిదానికి, మనిషి ఏమైనా ఋణపడి ఉంటాడా? పుస్తకమో, బండియో అయితే సమాధానం సులభం: తీసుకొన్నదానిని తీసుకొన్నట్లు తిరిగి ఇవ్వాలి. నేల విషయంలో ఆ సమాధానం చాలదు. ఏలననగా నేలను తీసుకొన్నది తీసుకొన్నట్లుగా తిరిగి ఇవ్వడం అసాధ్యం. ఒక పంట తీసిన మరునాటికే అది వేరొక నేల. మునుపటికన్న బీదది కావచ్చు, మునుపటికన్న భాగ్యవంతం కావచ్చు. ఉన్నచోట మాత్రం ఉండదు.

ఈ ప్రశ్నను పరీక్షించి చూడడానికి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌కన్న తగిన ఊరు దొరకడం కష్టం. ఆ పేరు వినగానే చాలామందికి స్ఫురించేది ఒక ప్లాట్‌ఫారం పొడవు. 1072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం లోకంలోకెల్ల పెద్దదని బడిపిల్లలు ఎన్నో ఏండ్లు వల్లెవేశారు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని దాటిపోయాయి. ఆ పొడవు కింద పరచుకొని ఉన్న నేల ఎటువంటిదో వల్లెవేసినవారు లేరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఇక్కడ జంక్షనును, దానితోపాటు కర్మశాలను నెలకొల్పింది. చుట్టూ పట్టణం పెరిగింది. తూర్పుకోస్తా రైలుమార్గంలో వాల్తేరు నుండి కటకం వరకు గల భాగం 1902లో అదే కంపెనీ చేతికి రావడంతో విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం వైపు పల్లెలకు ఖరగ్‌పూర్ దగ్గర ఊరయింది. అక్కడివారు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగుమెన్లుగా వచ్చి నిలిచిపోయారు. 1920ల చివర ఈ రైల్వే కార్మికుల పోరాటానికి నాయకత్వం వహించినవారిలో తరువాత రాష్ట్రపతి అయిన వి. వి. గిరి ముఖ్యులు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి దృష్టీ ఈ ఊరివైపే తిరిగింది. గోల్ బజారులో నేటికీ బేరాలు వంగభాషలోనూ హిందీలోనూ తెలుగులోనూ సాగుతాయి.

కాని ఇన్ని తరాలు నివసించిన ఈ జనంలో అధికభాగం నిలిచిన నేల వారిది కాదు. క్వార్టరు రైల్వేది, దాని ముందు నాలుగు గజాల దొడ్డి రైల్వేది, వీధి చివర వేపచెట్టు కూడ రైల్వేది. ఉద్యోగం ఉన్నంతకాలం మనిషి అక్కడ ఉంటాడు. బదిలీ అయితే లేస్తాడు. పదవీవిరమణ అయితే తాళంచెవి అప్పగిస్తాడు. పల్లెలో భూమిలేనివాడికైనా తాతలనాటి గుడిసె ఉంటుంది. ఇక్కడ పెద్ద జీతగానికైనా మన్ను మాత్రం అరువుసొమ్మే.

ఆ మన్ను సంగతి కొంత తెలియకుండా చర్చ ముందుకు సాగదు. ఖరగ్‌పూర్ ఛోటా నాగపూర్ పీఠభూమి తూర్పుగా దిగివచ్చి గంగాతీరపు ఒండ్రులో కలిసేచోట, అంచుమీద ఉన్నది. ఉత్తరాన కంసావతి నది, దాని ఆవలి ఒడ్డున మేదినీపూర్. ఇక్కడి మెట్ట అంతా లేటరైట్. ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు మలబారులోని అంగాడిపురం దగ్గర ఈ మట్టిని ఇటుకలవలె కోసి గోడలు కట్టడం చూచి, 1807లో అచ్చయిన తన గ్రంథంలో దానికి ఈ పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు మూలార్థం ఇటుకే. వేడిమీ వర్షమూ కలిసి వేలాది సంవత్సరాలు పనిచేసినప్పుడు రాతిలోని కరిగే పదార్థాలన్నీ నీటితో కొట్టుకొనిపోతాయి. కరగని ఇనుము, అల్యూమినియం మిగులుతాయి. అందువలననే ఆ ఎరుపు. తడిగా ఉన్నప్పుడు పార దిగుతుంది. ఎండకూ గాలికీ విడిచిపెడితే గట్టిపడుతుంది. వంగదేశపు రైతు దీనిలోని గులకను కంకర అంటాడు, రోడ్డువేసేవాడు మొరం అంటాడు.

ఇట్టి నేలలో పైరు కష్టం ఎక్కడ ఉన్నది? వర్షం తక్కువై కాదు. ఏటా సుమారు 1500 మిల్లీమీటర్లు కురుస్తుంది. కాని అందులో చాలభాగం జూన్ సెప్టెంబరు మాసాల మధ్యనే కురిసి, నిలువక పోతుంది. నేల పులుపు. ఆ పులుపులో ఇనుమూ అల్యూమినియమూ భాస్వరాన్ని తమలో బిగించి పట్టుకొంటాయి. ఎరువు వేసినా వేరుకు అందేది కొద్దియే. జీవాంశం తక్కువ కాబట్టి తేమ నిలువదు, పోషకాలు నిలువవు. సున్నం వేస్తే పులుపు తగ్గుతుంది. పేడ, ఆకు, పచ్చిరొట్ట వేస్తే మన్ను స్పంజివలె అయి నీటిని పట్టుకొంటుంది. ఉత్తరాంధ్ర రైతు తన గరువు భూములకు ఎడ్లబండ్లపై గత్తం తోలేది, వేసవిలో ఎండిన చెరువు గర్భంలోని ఒండ్రును తవ్వి చేనిమీద చల్లేది ఇందుకే. అతనికి భాస్వరం పేరు తెలియకపోవచ్చు. ‘పదును’ అనే మాట తెలుసు. మట్టిని పిడికిట పట్టి, నొక్కి, విడిచి, అది విచ్చుకొన్న తీరును బట్టి దుక్కికి వేళ అయినదో లేదో చెప్పగల నేర్పు ఆ ఒక్క మాటలో ఉన్నది. పుస్తకాలవారు ఈ జ్ఞానాన్ని చాలకాలం లెక్కచేయలేదు. డార్విన్ తన చివరి గ్రంథాన్ని 1881లో వానపాములపై వ్రాసి, ఇంగ్లాండులో పెక్కుచోట్ల ఏటా ఎకరాకు పది టన్నులకు మించిన మట్టి వాటి శరీరాల గుండా పైకి వస్తుందని లెక్కగట్టినప్పుడు గాని, కాలికింది మన్ను చచ్చినది కాదని చదువుకొన్నవారికి నమ్మకం కలగలేదు.

వాలు సంగతి మరొకటి. పురూలియా, బాంకుడా, ఝాడ్‌గ్రామ్ ప్రాంతాల రైతులు ఒకే వాలుమీది భూములకు పై నుండి కిందికి వేర్వేరు పేర్లు పెట్టుకొన్నారు: గట్టి మెట్ట టాండ్, దాని దిగువ బాయిద్, ఇంకా దిగువ కానాలి, అడుగున బహాల్. మెట్ట, గరువు, పల్లం అని తెలుగువారు చెప్పుకొనేది దాదాపు ఇదే. పై భూమిలో కురిసిన నీరు కిందికి దిగుతుంది. నీటితోపాటు మెత్తని మన్నూ దిగుతుంది. కనుక టాండ్ ఏటేటా బీదదవుతుంది, బహాల్ ఏటేటా బలుస్తుంది. అడుగు భూమివాడు సోమరి అయినా పండుతుంది. పైభూమివాడు కష్టజీవి అయినా చాలదు. పైవాడు గట్టు వేసి నీటిని ఆపితే, ఆ నీరు భూమిలోనికి ఇంకి దిగువవాడి బావిలో తేలుతుంది. వేయకపోతే దిగువవాడి మడిలో ఇసుక మేట పడుతుంది. పైవాడి గట్టుకు కిందివాడు కూలి ఇచ్చిన ఉదాహరణలు మాత్రం అరుదు. పొరుగువానిపట్ల ధర్మాన్ని గురించి ఎన్ని గ్రంథాలు వెలువడినా, వాలుమీద ఉన్న నలుగురు రైతుల సంబంధాన్ని అవి తగినంతగా పట్టించుకోలేదు. గఢ్‌బేతా దగ్గర శిలావతి ఒడ్డున గంగని అనే చోట ఈ ఎర్రనేల కోతపడి లోయలై, గోడలై నిలిచి ఉన్నది. యాత్రికులు దాని అందం చూడబోతారు. నీటిని ఆపేవారు లేనప్పుడు మెట్ట ఏమవుతుందో చూడదలచినవారు కూడ అక్కడికే పోవచ్చు.

ఇక క్వార్టరు దొడ్డి. పల్లె విడిచివచ్చినవాడు మొదట నాటేది మునగకొమ్మ, తరువాత కరివేపాకు. గోంగూర, బచ్చలి, ఆనపపాదు వరుసగా వస్తాయి. పార వేయగానే కంకర తగులుతుంది. అప్పుడతడు గొయ్యి తీసి, కంకర తీసివేసి, ఎక్కడినుండో నల్లమన్ను తెచ్చి నింపుతాడు. పశువులున్న ఇంటినుండి పేడ అడిగి తెస్తాడు. అయిదారేండ్లలో ఆ నాలుగు గజాలు పక్కనున్న మెట్టతో పోలిక లేనివవుతాయి. రైల్వేవారు మార్గాల పక్కన ఖాళీగా ఉన్న భూమిని ‘అధికాహారోత్పత్తి’ పథకం కింద చిన్న ఉద్యోగులకు కూరగాయల సాగుకు ఇవ్వడం దేశమంతటా ఉన్న ఆచారమే. ఇచ్చేది లైసెన్సు, హక్కు కాదు. కట్టడాలు కట్టరాదు, రైల్వేకు అవసరమైనప్పుడు విడిచిపెట్టాలి. అట్టి భూమిలో కూడ రెండు తీరుల మనుష్యులు కనిపిస్తారు. ఒకడు రేపో మాపో పోయే భూమి గదా అని యూరియా చల్లి, ఆకు కోసి, నేలను పిండుకొంటాడు. మరొకడు అదే భూమిలో మూలన గొయ్యి తవ్వి చెత్తను కుళ్లబెడతాడు.

రెండవవాడు మూఢుడా? లాక్ పదిహేడవ శతాబ్దం చివర చెప్పిన సిద్ధాంతం ప్రకారం మనిషి తన శ్రమను నేలలో కలిపినందువలన ఆ నేల అతనిది అవుతుంది. ఇతరులకు చాలినంత, అంతే మంచిది మిగలాలన్నది ఆ సిద్ధాంతానికి ఆయన పెట్టిన నిబంధన. క్వార్టరు దొడ్డిలో శ్రమ కలుస్తున్నది, హక్కు మాత్రం పుట్టడం లేదు. పుట్టదని తెలిసీ అతడు కలుపుతున్నాడు. లాక్ వాదంలో ఇతనికి చోటు లేదు. ఇంకా విచిత్రం, ఇతనికే ఆంధ్రదేశంలోని స్వగ్రామంలో తండ్రి విడిచిన రెండు ఎకరాల మెట్ట ఉండవచ్చు. పట్టా ఇతని పేరనే. పన్ను ఇతని పేరనే. దానిని కౌలుకు ఇచ్చి, సంక్రాంతికి పోయినప్పుడు గట్టుమీద నిలబడి చూచి వస్తాడు. ఆ భూమికి గత్తం తోలి ఎన్ని ఏండ్లయినదో ఇతనికి తెలియదు. కౌలుదారు తోలడు, ఏలననగా వచ్చే ఏడు భూమి తన చేతిలో ఉంటుందో లేదో అతనికి తెలియదు. తనదైన నేల ఆకలితో ఉన్నది, తనది కాని నేల కడుపునిండా తింటున్నది. అటువంటప్పుడు ‘తనది’ అన్న మాట దేనిని సూచిస్తున్నది? కాగితాన్నా, చేతినా?

చేయి ఉన్నచోటే ధర్మం ఉన్నదని చెప్పి ముగించడం సులభమే. కాని దానికి బలమైన ఆక్షేపణ ఉన్నది. కౌలుదారు దోషమేమి? అతడు గత్తం తోలితే దాని ఫలం ఒక్క ఏటితో తీరదు. రెండవ ఏటా మూడవ ఏటా వస్తుంది. ఆ ఫలాన్ని మరొకడు తింటాడు. తన పిల్లల నోటి ముందరి కూడు తీసి, పేరు తెలియని మరొక కౌలుదారుకు పెట్టమని అతనికి బోధించడానికి ఎవరికి అధికారం ఉన్నది? నేలకు ప్రాణమూ బాధా లేవు, పిల్లలకు ఉన్నవి. ఈ ఆక్షేపణను భావావేశంతో తోసిపుచ్చడం తగదు. మట్టిని తల్లి అని పాడినవారు ఆ తల్లికి సేవచేసే బరువును కూలివాని భుజంమీదనే వదిలిపెట్టడం చరిత్రలో చాలసార్లు జరిగింది.

దీనికి పశ్చిమ బెంగాల్ ఒక సమాధానం ప్రయత్నించింది. 1946లో తేభాగా ఉద్యమం లేచినప్పుడు పాలికాపులు కోరింది పంటలో మూడింట రెండు పాళ్లు. 1971లో సవరించిన భూసంస్కరణ చట్టం ప్రకారం నాగలి, పశువులు, ఎరువు, విత్తనం భూస్వామి ఇస్తే పంట సగం సగం. ఇవ్వకపోతే పాలికాపుకు నూటికి 75 పాళ్లు. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా కింద 14 లక్షలకు పైగా పాలికాపుల పేర్లు రికార్డులలోకి ఎక్కాయి. అంతకుముందు నోటిమాటపై లేపివేయగలిగిన మనిషిని ఇక లేపడానికి వీలు లేకపోయింది. అతని చేతికి వచ్చింది భూమి కాదు; వచ్చింది కాలం. వచ్చే ఏడు కూడ తానే దున్నుతానని తెలిసినవాడు గట్టు వేస్తాడు. నేలపట్ల బాధ్యతను ఎవరిమీద పెట్టాలన్న ప్రశ్నకు ఇందులో కొంత వెలుగు ఉన్నది. గడువును నిర్ణయించే శక్తి ఎవరికి ఉన్నదో బాధ్యతలో పెద్ద పాలు వారిదే. పదకొండు నెలల కాగితం వ్రాసి ఇచ్చినవాడు పన్నెండవ నెలలో నేల చవుడయిందని కౌలుదారును నిందించడం న్యాయం కాదు.

అయితే కాలం చేతికి వచ్చినంతమాత్రాన సరిపోతుందా? శాశ్వతహక్కు ఉన్న యజమానియే తన పొలపు పైమట్టిని అడుగులోతున ఇటుకబట్టీకి అమ్ముకొంటున్నాడు. పొలంలో సారమంతా ఉండేది ఆ అడుగులోనే. ఒక అంగుళం మన్ను ఏర్పడడానికి శతాబ్దాలు పడుతుంది. అమ్మడానికి ఒక పూట చాలు. ఆస్తిహక్కును సమర్థించినవారు ఈ మనిషిని చూచి ఏమనేవారో ఊహించడం కుతూహలంగా ఉంటుంది.

ఇదే జిల్లాలో హక్కూ కౌలూ రెండూ కాని మూడవ మార్గం ఒకటి కనిపించింది. మేదినీపూర్‌కు ఉత్తరాన ఆరాబారీ అనే చోట 1970ల ఆరంభంలో సాల అడవి నరికివేతతో మోడులై మిగిలింది. అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి చుట్టుపక్కల 11 గ్రామాలవారిని కూర్చోబెట్టి మాట్లాడాడు. 1272 హెక్టార్ల అడవిని మీరు కాపాడండి, కాపాడినంతకాలం మీకు పని ఉంటుంది, పుల్లలూ ఆకులూ మీవి, కలప అమ్మినప్పుడు నాలుగవ వంతు మీది అన్నది ఒప్పందం. సాలవృక్షం గుణం ఏమనగా, వేరు బ్రతికి ఉంటే మోడునుండి చిగురు తనంతట తానే వేస్తుంది, నాటనక్కర లేదు. కావలసింది మేకనూ గొడ్డలినీ కొన్ని ఏండ్లు దూరంగా ఉంచడం. ఉంచారు. అడవి లేచింది. 1989లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం, మరుసటి ఏడు కేంద్రప్రభుత్వం అడవులలో ప్రజల భాగస్వామ్యాన్ని అంగీకరిస్తూ ఉత్తరువులు వెలువరించడానికి ఈ అనుభవం దారి తీసింది. ఆ గ్రామస్థులలో ఒక్కరికీ అడవిపై పట్టా లేదు. ప్రభుత్వపు సొత్తును ప్రభుత్వపు సొత్తు అని తెలిసే కాపాడారు. ఆ అడవిలో తమకు ఒక పాలు ఉన్నదని నమ్మారు. ఆ పాలు కూడ రేపు అందేదే గాని నేడు అందేది కాదు.

రైల్వేపట్టణం గురించి చెప్పేటప్పుడు రైలుకట్టను మరచిపోవడం కుదరదు. కట్ట వేయడానికి మట్టి ఎక్కడిది? పక్క పొలాలది. తవ్విన గుంటలలో నీరు నిలిచింది, కట్టకు అడ్డుపడి వాననీటి దారి తప్పింది. బెంగాల్ ప్రజారోగ్య శాఖాధిపతి బెంట్లీ 1925లో, సేద్యపు నీటి నిపుణుడు విలియం విల్‌కాక్స్ కొద్ది ఏండ్ల తరువాత కలకత్తా విశ్వవిద్యాలయంలో చేసిన ఉపన్యాసాలలో, ఒకే ఆరోపణ చేశారు: నదుల వరదనీరు ఏటా పొలాలపై పరచే ఒండ్రును కట్టలు ఆపివేశాయి, సారం తగ్గింది, మలేరియా పెరిగింది. వారు చెప్పింది ముఖ్యంగా మధ్య, పశ్చిమ వంగదేశపు పల్లపు భూములను గురించి. ఖరగ్‌పూర్ మెట్టకు అది యథాతథంగా అన్వయించదు. కాని రైలుమీద వచ్చిన బియ్యం తిన్న పట్టణానికి అది అన్వయిస్తుంది. 1922లో శ్రీనికేతనంలో టాగూరుతో కలిసి పనిచేసిన ఎల్మ్‌హర్స్ట్ తన ఉపన్యాసానికి ‘నేల దోపిడి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టింది ఇందుకే: పల్లెనుండి ధాన్యంగా బయలుదేరిన సారం పట్టణానికి చేరి, మురికికాలువలో కలిసి, మళ్లీ పల్లెకు రాదు. శ్రీనికేతనపు నేల కూడ లేటరైటే. అక్కడ 1928లో మొదలైన హలకర్షణోత్సవంలో కవి స్వయంగా నాగలి పట్టడం చూచినవారిలో కొందరు దానిని వేడుక అనుకొన్నారు. ఆంధ్రదేశంలో ఏరువాక పున్నమినాడు నాగలి పూసేవారికి దానిని వివరించనక్కర లేదు.

ఖరగ్‌పూర్ పక్కనే హిజ్లీలో, ఒకప్పుడు స్వాతంత్ర్యయోధులను బంధించిన భవనంలో, 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైంది. మరుసటి ఏడే అక్కడ వ్యవసాయ ఇంజనీరింగు చదువు మొదలుపెట్టారు. వాననీటిని వరిపొలంలోనే ఒక మూల గుంట తీసి నిలుపుకొని, బెట్ట వచ్చినప్పుడు వాడుకొనే పద్ధతిపై ఆ ఎర్రనేలలోనే పరీక్షలు జరిగాయి. గుంటకోసం పొలంలో కొంత చోటు వదులుకోవాలి. చిన్న రైతు మొదట అడిగే ప్రశ్న ఎంత నీరు వస్తుందని కాదు, ఎంత భూమి పోతుందని. ఇంజనీరు దగ్గర మొదటి ప్రశ్నకు లెక్క ఉన్నది. రెండవదానికి సమాధానం ఆ రైతుకు భూమిపై ఎన్ని ఏండ్ల భరోసా ఉన్నదన్నదానిపై ఆధారపడుతుంది.

ఈ చర్చలో ఆక్షేపణ చెప్పినవాడు అడిగిన ఒక మాట మిగిలి ఉన్నది: పేరు తెలియని మరొకనికోసం ఎందుకు పెట్టాలి? కౌలుభూమిలో ఆ మరొకడు నిజంగానే కనబడడు. క్వార్టరులో మాత్రం కనబడతాడు. పదవీవిరమణ చేసినవాడు సామాను కట్టుకొంటూ ఉండగానే, కొత్తవాడు అలాట్‌మెంటు కాగితం పట్టుకొని గేటు దగ్గర నిలబడి ఉంటాడు. అప్పగింత లెక్కలో తలుపులు, కిటికీలు, పంపులు, విద్యుత్ మీటరు ఉంటాయి. దొడ్డిలోని మట్టికి గడి ఉండదు. ముప్పై ఏండ్ల కిందట తాను దిగిననాడు ఆ దొడ్డిలో ఉన్నది కంకర ఒక్కటే. తాళంచెవి ఇచ్చిన తరువాత పాతవాడు కొత్తవాడిని వెనుకకు తీసుకొనిపోయి, ‘ఇదుగో బాబూ, చెత్తగొయ్యి ఇక్కడ; మూతవేసి ఉంచు, వానకు కొట్టుకుపోతుంది. చిక్కుడు ఈ గోడవారన పెట్టు, ఆ పక్కన ఇంకా రాయే ఉన్నది, నాకు తీయడం కుదరలేదు’ అని చెబుతాడు.